పనిచోట సాంకేతికత, పోటీ వేతనాలు

ఒక ఉద్యోగి ఎంత పని చేశాడన్నది కాక, తోటివారికంటే ఎంత ఎక్కువ చేశాడన్నది చూసి ఇచ్చే బోనస్, ఇంక్రిమెంటు, ప్రమోషన్ వంటివాటిని పోటీ ప్రోత్సాహకాలు అంటారు. అందరికంటే ఎక్కువ పాలసీలు కట్టించిన ఏజెంటుకు ఇచ్చే విదేశీ యాత్ర, కాల్ సెంటర్‌లో మొదటి పదిమందికే దక్కే నగదు బహుమతి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో బెల్ కర్వ్ మీద పడే రేటింగు, దాని వెంట వచ్చే హైక్ అన్నీ ఈ కోవలోవే. మరమగ్గం మీద మీటరుకింత, బీడీలు వెయ్యికింత అని ఇచ్చే కూలి దీనికి దగ్గరిదే కాని ఇది కాదు. అక్కడ పక్కవాడు ఎంత చేసినా మన కూలి మారదు. పోటీలో మాత్రం పక్కవాడు పుంజుకున్నకొద్దీ మన వాటా తరుగుతుంది. పని నేర్పడం, దాచడం, సాయం చేయడం, చాడీ చెప్పడం అన్నిటి లెక్కా ఈ తేడాతో మారిపోతుంది.

సాంకేతికత ఈ వ్యవహారంలోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పనిని కొలిచే పరికరం: స్టాప్‌వాచీ, మీటరు, బార్‌కోడ్ స్కానర్, జీపీఎస్, లాగిన్ గంటలు రాసుకునే సాఫ్ట్‌వేర్. రెండోది పనినే మార్చే పరికరం: కొత్త మిషను, కొత్త అచ్చు, కొత్త ప్రోగ్రాము. మొదటిది వచ్చాక వేతన నియమాలు మారతాయి. రెండోదాన్ని రానివ్వాలా గుమ్మంలోనే ఆపేయాలా అన్నది ఆ నియమాలే తేలుస్తాయి. ఆర్థికశాస్త్రం మొదటిదాని గురించే ఎక్కువ రాసింది. నిజానికి రెండోదాంట్లోనే ఎక్కువ విశేషం ఉంది.

గడియారం చేతికొచ్చాక

కొలిచి కూలి ఇవ్వడం పాత పద్ధతే. దాన్ని ఒక పరికరానికి ముడిపెట్టి శాస్త్రమని చెప్పినవాడు ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్. ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో గడించిన అనుభవంతో ఆయన 1895లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు ఒక పత్రం చదివాడు. పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఎంతసేపు పట్టాలో ముందే తేల్చాలి. ఆ గడువులో పూర్తి చేసినవాడికి ముక్కకు ఎక్కువ రేటు, తప్పినవాడికి తక్కువ రేటు ఇవ్వాలి. గడువు అందుకున్నవాడికీ అందుకోలేనివాడికీ మధ్య కూలిలో ఒక మెట్టు పెట్టడమే ఇందులో కొత్తదనం. ఆ తర్వాత బెత్లెహెమ్ స్టీల్‌లో ఆయన, మౌన్సెల్ వైట్ కలిసి హైస్పీడ్ ఉక్కు పనిముట్లు రూపొందించారు. అవి లోహాన్ని మునుపటికంటే ఎంతో వేగంగా కోసేవి. పనిముట్టు మారితే పాత రేటు చెల్లదు. కొత్త రేటు ఎవరు కట్టాలి, వేగం పెరిగినందువల్ల వచ్చిన లాభం ఎవరికి పోవాలి అన్న తగవు అప్పుడు మొదలైంది, ఇప్పటికీ తెగలేదు.

కార్మికుల భయం సూటిగానే ఉంది. ఇవాళ ప్రాణం పెట్టి ఎక్కువ చేస్తే, రేపు యాజమాన్యం దాన్నే మామూలు లెక్క చేసి రేటు కోస్తుంది. సమాజశాస్త్రవేత్త డొనాల్డ్ రాయ్ 1944–45లో అమెరికాలోని ఒక మెషిన్ షాపులో డ్రిల్లు ఆపరేటరుగా చేరి ఈ భయం ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూశాడు. రేటు గిట్టుబాటయ్యే పనిలో కూడా ఒక హద్దు దాటి ఎవరూ సంపాదించేవారు కాదు. ఆ హద్దు చేరగానే చేతులు ముడుచుకొని కూర్చునేవారు. అదనంగా చేసిన ముక్కలను లెక్కకు ఇవ్వకుండా దాచి, పని సాగని రోజున చూపించేవారు. టైం స్టడీ మనిషి గడియారంతో వచ్చి నిలబడితే మిషను వేగం తగ్గిపోయేది. మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో 1911 ఆగస్టులో అచ్చుపోత కార్మికులు స్టాప్‌వాచీ కనపడగానే పని ఆపి బయటికి నడిచారు. అది అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది. స్టాప్‌వాచీతో కొలవడాన్నీ, ఆ కొలత మీద బోనస్ ఇవ్వడాన్నీ ఆపుతూ 1915లో సైన్యానికి నిధులిచ్చే చట్టంలోనే ఒక నిబంధన చేర్చారు.

హెన్రీ ఫోర్డ్ దారి వేరు. 1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చాక వేగం నిర్ణయించేది బెల్టే. ముందున్నవాడు పంపిన చట్రం కంటే ఎక్కువ ఎవరూ బిగించలేరు. అక్కడ ముక్కకూలికి, పోటీకి తావు లేదు. మనుషులు నిలవకపోవడమే అక్కడి సమస్య. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనం వారిని నిలబెట్టడానికి ఇచ్చినదే.

క్లీవ్‌లాండ్‌లోని లింకన్ ఎలక్ట్రిక్ దీనికి పూర్తిగా ఎదురు. వెల్డింగ్ సామగ్రి చేసే ఈ కంపెనీ ముక్కకూలితోపాటు 1934 నుంచి ఏటా బోనస్ ఇస్తూ వచ్చింది. ఎవరి బోనస్ ఎంతో మెరిట్ మార్కులు తేలుస్తాయి. ఒక విభాగంలో అందరి మార్కుల సగటూ ముందే కట్టి ఉంటుంది కనుక ఒకరికి పెరగాలంటే మరొకరికి తగ్గాలి. ఇంత కచ్చితమైన కంపెనీ కూడా ఒకచోట బోల్తా పడింది. టైపిస్టులకు కూడా ముక్కకూలి పెట్టాలని టైపురైటర్లకు, ఎన్నిసార్లు మీట నొక్కారో లెక్కించే మీటర్లు బిగించారు. ఒకామె బల్ల దగ్గరే ఒక చేత్తో భోజనం చేస్తూ, రెండో చేత్తో అందుబాటులో ఉన్న మీటను టకటకా కొడుతూ కనపడ్డాక వాటిని పీకేశారు.

పందెం లెక్క

పోటీ వేతనానికి సిద్ధాంతం కట్టినవారు ఎడ్వర్డ్ లాజియర్, షెర్విన్ రోజెన్. 1981లో వెలువడిన వారి వ్యాసం ఉద్యోగాన్ని ఒక టోర్నమెంటుగా చూపించింది. వైస్ ప్రెసిడెంటు రాత్రికి రాత్రి ప్రెసిడెంటైతే జీతం మూడింతలవుతుంది. ఒక్క రోజులో ఆ మనిషి సామర్థ్యం మూడింతలు కాలేదు కదా. ఆ జీతం ప్రెసిడెంటు చేసే పనికి కాదు, ఆ కుర్చీ కోసం కింద ఉన్నవారందరూ పడే కష్టానికి పెట్టిన బహుమతి అన్నారు వారు.

ఈ లెక్కలో ఉద్యోగి ఎంత కష్టపడతాడన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: గెలుపు ఓటముల మధ్య డబ్బు తేడా ఎంత, ఫలితంలో అదృష్టం పాలు ఎంత. అదృష్టమే ఎక్కువైతే కష్టపడి లాభం లేదనుకుంటారు కనుక బహుమతి తేడా పెంచక తప్పదు. కొలత కచ్చితమైనకొద్దీ చిన్న బహుమతే సరిపోతుంది. అసలు పోటీ ఎందుకు పెట్టాలన్న ప్రశ్నకు వారిచ్చిన ఒక జవాబు కూడా కొలత గురించే. ఒక మనిషి పనిని కచ్చితంగా కొలవడం ఖరీదు, ఇద్దరిలో ఎవరు మెరుగో చెప్పడం చవక.

రెండో జవాబు బెంగ్ట్ హోల్మ్‌స్ట్రామ్ 1982లో ఇచ్చాడు. అందరినీ ఒకేలా తాకే కారణాలను పోలిక తుడిచేస్తుంది. దీన్ని ఆర్టీసీ డిపోలో చూడవచ్చు. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చెప్పే కేఎంపీఎల్ అనే మాట తెలియని డ్రైవరు తెలుగు రాష్ట్రాల్లో ఉండడు. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందో చెప్పే ఈపీకే కండక్టర్లకు అంతే పరిచయం. టిక్కెట్ల మిషన్లు వచ్చాక ఈ లెక్కలు ట్రిప్పు వారీగా, మనిషి వారీగా తేలుతున్నాయి. అరకిలోమీటరుకోసారి ఆగే పల్లెవెలుగు డ్రైవరు కేఎంపీఎల్‌ను హైవే మీద సాగిపోయే సూపర్ లగ్జరీ డ్రైవరుతో పోలిస్తే అది అన్యాయం. అదే రూటులో, అదే రకం బస్సు నడిపే ఇద్దరిని పోలిస్తే ట్రాఫిక్కు, వాన, గతుకులు ఇద్దరికీ సమానమే కనుక మిగిలే తేడాలో డ్రైవరు చేతి పాలు ఎక్కువ. అయినా బండి వయసు, ఇంజను తీరు మిగిలే ఉంటాయి. తనకు పాత బండి వేశారని డ్రైవరు గొణిగితే సిద్ధాంతం కూడా అతని పక్షమే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పోటీ పెట్టడానికి ఒక ముఖ్య కారణం కొలత ఖరీదు కావడమైతే, కంప్యూటర్లు వచ్చి కొలత చవకైనకొద్దీ పోటీ తగ్గాలి. ఎవరి పనికి వారికి నేరుగా డబ్బివ్వవచ్చు. కొన్నిచోట్ల అలాగే జరిగింది. చాలాచోట్ల మాత్రం అదే కంప్యూటరు ర్యాంకుల బోర్డును ప్రతి గోడకూ, ప్రతి ఫోనుకూ తెచ్చింది.

సేఫ్‌లైట్ అద్దాలు

కొలత చవకై ఎవరి పనికి వారికి నేరుగా డబ్బిచ్చిన తీరుకు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఉదాహరణ అమెరికాలో కార్ల ముందరి అద్దాలు మార్చే సేఫ్‌లైట్ కంపెనీ. ఎవరు ఏ కారుకు ఏ అద్దం బిగించారో వివరంగా నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థ ఉండటంతో 1994–95లో ఆ కంపెనీ గంట జీతాన్ని అద్దానికింత అనే పద్ధతికి మార్చింది. చేతకానివాడు కూడా వీధిన పడకుండా కనీస గంట వేతనం హామీ ఉంచింది. లాజియరే ఆ రికార్డులు పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించాడు. మనిషికి సగటు ఉత్పత్తి 44 శాతం పెరిగింది. అందులో సుమారు సగం పాతవారే ఎక్కువ చేయడం వల్ల వచ్చింది. మిగతాదానికి ముఖ్య కారణం చురుకైనవారు నిలబడటం, కొత్తగా చేరేవారిలోనూ చురుకైనవారే రావడం. జీతాలు పెరిగింది మాత్రం 10 శాతం ప్రాంతంలో.

హడావుడిగా బిగిస్తే అద్దం పగులుతుంది కదా? దానికీ కంప్యూటరే జవాబు. పగిలిన అద్దం ఎవరు బిగించారో రికార్డు చెబుతుంది. అతను తన సొంత సమయంలో తిరిగి బిగించి, కొత్త అద్దం ఖరీదు కట్టిన తర్వాతే మరో పని ఇచ్చేవారు. ఒక కారుకు ఒక మనిషి ఒక అద్దం బిగిస్తాడు, తప్పు జరిగితే ఎవరిదో తెలుస్తుంది. అన్ని పనులూ ఇంత విడివిడిగా ఉండవు. సేఫ్‌లైట్ విజయాన్ని చూసి మిగతా రంగాలు నేర్చుకున్న పాఠాల్లో సగం చెల్లకపోవడానికి అదే కారణం.

సియాల్‌కోట్ బంతులు

వేతన పద్ధతి కొత్త సాంకేతికతను ఎలా అడ్డుకుంటుందో చూపించిన ఉదంతం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో జరిగింది. చేతితో కుట్టే ఫుట్‌బాల్స్‌కు ప్రపంచంలోనే పేరుమోసిన ఊరు అది. మామూలు బంతికి 32 ముక్కలు: 20 షడ్భుజాలు, 12 పంచభుజాలు. గుడ్డ అతికించిన రెక్సిన్ షీటు మీద ఇనుప అచ్చు పెట్టి, ప్రెస్సుతో నొక్కి ముక్కలు కోస్తారు. షడ్భుజాలు ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా సర్దుకుంటాయి. పంచభుజాలు అలా సర్దుకోవు, మధ్యలో రెక్సిన్ వృథా అవుతుంది.

డేవిడ్ అట్కిన్, ఎరిక్ వెర్‌హూగెన్ తదితర ఆర్థికవేత్తలు పంచభుజాలను కొంచెం జరిపి సర్దే కొత్త అచ్చు చేయించారు. ఒక్కో షీటు నుంచి ఎక్కువ ముక్కలు వస్తాయి. 2012లో ఎంపిక చేసిన 35 కంపెనీలకు దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఖర్చు లేదు, ముడిసరుకు ఆదా, ఎవరైనా ఎగిరి గంతేయాలి. పదిహేను నెలలు గడిచినా వాడినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

కారణం కూలిలో ఉంది. కోత పనివారికి ముక్కల లెక్కన డబ్బు. కొత్త అచ్చు, కనీసం అలవాటయ్యేదాకా, చేతిని నెమ్మదింపజేస్తుంది. ఆదా అయిన రెక్సిన్ యజమానిది, పోయిన సమయం పనివాడిది. దాంతో ఈ అచ్చు పనికిరాదని, ముక్కలు సరిగా రావడం లేదని పనివారు చెప్పారు, యజమానులు నమ్మారు. కొత్త అచ్చును అందరికంటే విరివిగా వాడిన ఒక పెద్ద కంపెనీలో మాత్రం కోత పనివారికి నెల జీతం ఉంది. ఇది గమనించిన పరిశోధకులు రెండో ప్రయోగం చేశారు. కొన్ని కంపెనీల్లో ఒక కోత పనివాడిని, ఒక ప్రింటింగు పనివాడిని ఎంచుకొని, కొత్త అచ్చుతో పని చేసి చూపిస్తే ఒక నెల సంపాదనకు సమానమైన మొత్తం ఒక్కసారికి ఇస్తామన్నారు. యజమానికి మిగిలే ఆదాతో పోలిస్తే అది చిల్లర. వాడకం చెప్పుకోదగినంత పెరిగింది. 2017లో వెలువడిన ఈ అధ్యయనం తర్వాత, కార్మికులు కొత్తదానికి ఎప్పుడూ ఎదురు తిరుగుతారన్న పాత నింద అంత తేలిగ్గా చెల్లడం లేదు.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది హైదరాబాద్‌లోనే ఉంది. 1990ల చివర్లో ఇక్కడ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఊపందుకుంది. అమెరికా డాక్టర్లు చెప్పిన మాటలు విని టైపు చేసేవారికి లైన్ల లెక్కన డబ్బు. ఖాళీలతో కలిపి 65 అక్షరాలు ఒక లైను, లెక్క కట్టేది సాఫ్ట్‌వేరు. అక్కడ ఎక్స్‌పాండర్ అనే చిన్న ప్రోగ్రాము ఉండేది. మూడు నాలుగు అక్షరాలు కొడితే పూర్తి వాక్యం పరుచుకుంటుంది. డాక్టరు ప్రతి రిపోర్టులోనూ చెప్పే గుండె, ఊపిరితిత్తుల పరీక్ష వాక్యాలన్నిటికీ ఒక పొట్టి గుర్తు. లైను లైనుకూ డబ్బు వస్తుంది కనుక దీన్ని వాడమని ఎవరూ చెప్పనక్కరలేదు, ఎవరి పొట్టి గుర్తుల జాబితా వారు పెంచుకుంటూ పోయేవారు. సియాల్‌కోట్‌లో అచ్చును తిప్పికొట్టిందీ ముక్కకూలే, ఇక్కడ ఎక్స్‌పాండర్‌ను నెత్తిన పెట్టుకునేలా చేసిందీ ముక్కకూలే. తర్వాత మాటలను యంత్రమే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. టైపు చేసేవారు ఎడిటర్లయ్యారు, లైను రేటు పడిపోయింది. మొదటి పనిముట్టు పనివారి చేతిలో ఉంది, రెండోది కంపెనీ చేతిలో ఉంది. తేడా ఎవరి జేబులోకి పోయిందో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కరలేదు.

ఎవరు ఎవరిని చూస్తున్నారు

పోటీలో తోటివారి పని కళ్లబడటం కూడా ఒక ఆయుధమే, అది రెండువైపులా తెగుతుంది. ఒరియానా బాండియేరా, ఇవాన్ బరాంకే, ఇమ్రాన్ రసూల్ ఇంగ్లండులోని ఒక పండ్ల తోటలో చేసిన పరిశోధన 2005లో వెలువడింది. అక్కడ మొదట ఆ రోజు పొలంలో అందరి సగటును బట్టి రేటు కట్టేవారు. ఒకరు ఎక్కువ కోస్తే సగటు పెరిగి మిగతావారి రేటు తగ్గుతుంది. తర్వాత సగటుతో సంబంధం లేని మామూలు ముక్కకూలి పెట్టగానే ఉత్పాదకత 50 శాతానికి పైగా పెరిగింది. పాత పద్ధతిలో పక్క సాలులో స్నేహితులు ఎక్కువమంది ఉన్న రోజున చేతులు మరింత నెమ్మదించేవి. ఈ జాలి మనసులోంచి వచ్చిందా, కట్టుబాటులోంచి వచ్చిందా అన్న ప్రశ్నకు తోటే జవాబిచ్చింది. మొక్కలు పొట్టిగా ఉండి ఎవరెంత కోస్తున్నారో కనపడే పంటలోనే ఈ సర్దుబాటు ఉంది. పొదలు నిలువెత్తున పెరిగి మనిషికి మనిషి కనపడని పంటలో లేదు.

ఇప్పుడు ఆ పొదలను స్క్రీన్లు తొలగిస్తున్నాయి. ఎవరెంత చేశారో అందరికీ క్షణక్షణం తెలిసే చోట కుమ్మక్కు తేలికవుతుంది, పోటీ కూడా తీవ్రమవుతుంది. ఏది గెలుస్తుందో మనుషుల మధ్య ఉన్న చనువును బట్టి, పని ఎన్నాళ్లు కలిసి చేయాలన్నదాన్ని బట్టి ఉంటుంది. అదే పరిశోధకులు అదే తరహా పొలంలో జట్ల మీద చేసి 2013లో ప్రకటించిన ప్రయోగం మరీ ఆసక్తికరమైనది. జట్ల ర్యాంకులు గోడ మీద పెట్టినప్పుడు సగటు ఉత్పాదకత 14 శాతం తగ్గింది. ర్యాంకుతోపాటు గెలిచిన జట్టుకు డబ్బు కూడా పెట్టినప్పుడు 24 శాతం పెరిగింది. ర్యాంకు చూపిస్తే చాలు, పౌరుషంతో పరుగెడతారన్న మేనేజర్ల నమ్మకం పక్కన ఈ రెండు అంకెలు పెట్టి చూడాలి.

కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ హోటళ్ల లాండ్రీలో గోడలకు పెద్ద స్క్రీన్లు తగిలించి, ఎవరు ఎంత వేగంగా దుప్పట్లు, తువాళ్లు మిషన్లలో వేస్తున్నారో పేర్లతో చూపించేవారు. లక్ష్యం అందుకుంటే ఆకుపచ్చ రంగు, వెనకబడితే పసుపు, ఆపైన ఎరుపు. 2011లో ఈ సంగతి లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో వచ్చేనాటికే పనివారు దానికి ఎలక్ట్రానిక్ కొరడా అని పేరు పెట్టుకున్నారు. పేరు ఎరుపెక్కుతుందేమోనని బాత్రూమ్‌కు కూడా వెళ్లడం మానుకున్నవారున్నారు.

బెల్ కర్వ్

ఆఫీసు పనిలో ముక్కలు లెక్కపెట్టలేరు కనుక అక్కడ పోటీ రేటింగు రూపంలో వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. పైవారికి షేర్లు, బోనస్‌లు, అడుగువారికి గుమ్మం. దాన్ని దేశదేశాల ఐటీ కంపెనీలు అందిపుచ్చుకున్నాయి. హైదరాబాద్‌లో అప్రైజల్ నెలలో వినపడే మాటలన్నీ అందులోంచి వచ్చినవే. టీమంతా బాగా చేసినా ఒకరిని కిందికి తోయాల్సిందే. చాలా కంపెనీల్లో హెచ్ఆర్ సాఫ్ట్‌వేరే ఆ శాతాలు కుదిరేదాకా ఫారం తీసుకోదు. ఎవరిని దించాలన్నది మేనేజరు నిర్ణయమే అయినా, సిస్టమ్ ఒప్పుకోలేదని చెప్పుకునే వెసులుబాటు అతనికి దొరికింది. సాంకేతికత మేనేజర్లకు చేసిన మేళ్లలో దీన్ని ఎవరూ లెక్క వేయరు.

లాజియర్ 1989లోనే ఒక హెచ్చరిక చేశాడు. బహుమతి తేడా పెరిగినకొద్దీ కష్టంతోపాటు కాలు లాగడం కూడా పెరుగుతుంది. కలిసి పని చేయాల్సినచోట తేడాలు తగ్గించడమే మేలు. సాఫ్ట్‌వేర్ పనిలో కాలు లాగడానికి గొడవ అక్కరలేదు. కేటీ, అంటే తన పనిని తోటివారికి నేర్పి అప్పగించడం, సగం సగం చేస్తే చాలు. తనకు మాత్రమే తెలిసిన మాడ్యూలుకు డాక్యుమెంటు రాయకపోతే చాలు. మైక్రోసాఫ్ట్‌లో ఈ పద్ధతివల్ల మంచి ఇంజినీర్లు మరో మంచి ఇంజినీరు ఉన్న టీములో చేరడానికి వెనకాడారని 2012లో పత్రికల్లో వచ్చింది. 2013 నవంబరులో ఆ కంపెనీ ర్యాంకుల పద్ధతిని ఎత్తేసింది. యాక్సెంచర్ 2015లో వార్షిక ర్యాంకింగులకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. బెల్ కర్వ్ పేరు పోయినచోట కూడా బోనస్‌కు ఇచ్చే మొత్తం ముందే కట్టి ఉంటే పంపకంలో పోటీ ఉంటూనే ఉంటుంది.

లెక్కలోకి వచ్చేదే పని

హోల్మ్‌స్ట్రామ్, పాల్ మిల్‌గ్రమ్ 1991లో చెప్పిన మాట ఈ రంగం మొత్తానికీ కీలకం. ఒకే ఉద్యోగంలో పలు పనులుండి కొన్నే కొలవగలిగితే, కొలిచినవాటికి గట్టి ప్రోత్సాహకం పెట్టినకొద్దీ కొలవలేనివి మూలపడతాయి. వెల్స్ ఫార్గో బ్యాంకు దీనికి ఖరీదైన నిదర్శనం. ఒక్కో ఖాతాదారుకు ఎన్ని ఉత్పత్తులు అంటగట్టారన్న లెక్క, శాఖల ర్యాంకులు పైనుంచి కిందిదాకా రోజూ తిరిగేవి. కంప్యూటరు ఖాతాలను లెక్కపెట్టగలదు, ఆ ఖాతా నిజంగా మనిషి అడిగాడా అన్నది లెక్కపెట్టలేదు. ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడేనాటికి సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయి ఉన్నాయి. అనుమానాస్పద ఖాతాలు 35 లక్షల దాకా ఉండవచ్చని మరుసటి ఏడాది బ్యాంకే అంచనా ప్రకటించింది. 2020లో 300 కోట్ల డాలర్లతో కేసులు పరిష్కరించుకుంది.

యాప్ పెట్టే పందెం

డెలివరీ యాప్‌లలో ఇన్ని ఆర్డర్లకు ఇంత అని శ్లాబులుంటాయి. పైకి ఇది ముక్కకూలిలాగే కనిపిస్తుంది. కాని ఒక ఏరియాలో వచ్చే ఆర్డర్లు పరిమితం, వాటిని పంచేది యాప్. పక్కన మరో పదిమంది లాగిన్ అయితే శ్లాబు అందుకోవడం అందరికీ కష్టమవుతుంది. ప్రత్యర్థి ముఖం కనపడని టోర్నమెంటు ఇది. రేటింగు బాగున్నవారికి మంచి స్లాట్లు ముందుగా ఇచ్చేచోట ర్యాంకు కూడా తోడవుతుంది. రాయ్ మెషిన్ షాపులో రేటు కోయాలంటే ఒక మనిషి గడియారంతో రావాలి, అందరూ చూస్తుండగా కొలవాలి. యాప్‌లో శ్లాబు రాత్రికి రాత్రి మారుతుంది. ఎందుకు మారిందో చెప్పేవారు లేరు, వేగం తగ్గించి మోసం చేద్దామన్నా ఎదురుగా ఎవరూ లేరు. హైదరాబాద్ రైడర్లు వాట్సాప్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు పోల్చుకోవడం ఆ చీకట్లో తడుములాటే. ఇక్కడినుంచే పనిచేసే తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ డిమాండ్లలో రేట్ల పారదర్శకత ఒకటి.

నీతి ఆయోగ్ 2022 నివేదిక అంచనా ప్రకారం 2020–21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలు, 2029–30కి 2.35 కోట్లవుతారు. వీరికోసం ప్రత్యేక చట్టం 2023లో మొదట రాజస్థాన్ చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. స్పెయిన్ 2021లో చేసిన రైడర్ చట్టం పని పరిస్థితులను ప్రభావితం చేసే అల్గోరిథం నియమాలు తెలుసుకునే హక్కును కార్మిక ప్రతినిధులకు ఇచ్చింది. గోదాముల్లో గంటకు ఎన్ని వస్తువులు స్కాన్ చేయాలన్న కోటాను రాతపూర్వకంగా చెప్పాలని, విరామానికి, బాత్రూమ్‌కు అడ్డొచ్చే కోటా చెల్లదని కాలిఫోర్నియా చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వాటర్‌టౌన్ నాటి నిబంధన కొలతనే నిషేధించింది. ఇప్పటి చట్టాలు కొలతను ఒప్పుకొని, దాన్ని చూపించమంటున్నాయి.

కృత్రిమ మేధ వచ్చాక

కొలిచే పరికరం, పని చేసే పరికరం ఒకటైపోవడం కృత్రిమ మేధతో వచ్చిన మార్పు. ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ 5 వేలకు పైగా కస్టమర్ సపోర్ట్ ఏజెంట్ల మీద చేసిన అధ్యయనంలో, చాట్‌లో ఏం జవాబివ్వాలో సూచించే సహాయకుడు వచ్చాక గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 15 శాతం దాకా పెరిగాయి. కొత్తవారిలో, వెనకబడినవారిలో పెరుగుదల 30 శాతం పైమాటే. మేటి ఏజెంట్లకు మాత్రం పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఆ వ్యవస్థ నేర్చుకున్నది మేటివారి చాట్‌ల నుంచే మరి. ఏళ్ల తరబడి వారు పట్టిన కిటుకులు ఇప్పుడు నిన్న చేరిన కుర్రాడి స్క్రీన్ మీద సిద్ధంగా ఉంటున్నాయి.

బోనస్ తోటివారితో పోలిక మీద ఉన్నచోట దీని ఫలితం ఊహించవచ్చు. ముందున్నవారికీ వెనకున్నవారికీ దూరం తగ్గుతుంది, మేటివాడి పని ఏమాత్రం తగ్గకపోయినా ర్యాంకు తగ్గుతుంది. కేటీ సగం ఇచ్చి తప్పించుకునే దారి కూడా లేదు. అతను టైపు చేసే ప్రతి జవాబూ పాఠమే. రేపు కొత్త ఉత్పత్తి వచ్చి కొత్త ఫిర్యాదులు మొదలైతే వాటికి ముందుగా మంచి జవాబు వెతకాల్సింది మళ్లీ అతనే, అందుకు అతనికి మిగిలే కారణం మాత్రం తక్కువ. మేటివారి జవాబులకు వేరుగా చెల్లించాలన్న సూచన ఆర్థికవేత్తల మధ్య నడుస్తోంది. అయితే మోడల్ ఇచ్చిన ఒక సలహాలో ఏ ఏజెంటు పాలు ఎంతో విడదీసి చెప్పడం నేటి పరిజ్ఞానానికి కష్టం. అలా విడదీయలేని పనికి పాత దారి జట్టు మొత్తానికి వాటా ఇవ్వడం. సింగరేణిలో గని కార్మికుడి నుంచి గుమాస్తా దాకా దసరాకు అందే లాభాల వాటా ఆ తరహాదే. కాల్ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్నది ఎక్కువగా విడివిడి లెక్కలే.